గోడమీది ముక్కులు

మొగలిపూల వాసన ముందు తగిలి, కోట ఆ తరవాత కనబడే రాజ్యం ఒకటి ఉండేది. పేరు మొగలిదుర్గం. దాన్ని కీర్తిధర భూపతి అనే రాజు ఏలేవాడు.

రాజు చెడ్డవాడని ఎవరూ అనలేదు. వేళకు స్నానం, వేళకు దైవదర్శనం, వాకిట నిలబడ్డవాడికి అన్నం, ఏదీ లోపం లేదు. ఉన్నది ఒకటే జబ్బు. వంశం మాట ఎత్తితే ఆయనకు ఒళ్ళు తెలిసేది కాదు. "నా నడక మా ముత్తాతది. నా కంఠం మా తాతది. నా ముక్కు మా వంశానిది" అని పొద్దున లేస్తే అదే పాట.

ఆ ముక్కు గురించి కాస్త చెప్పుకోవాలి. కోటేరు ముక్కు. కొసన ఎవరో వేలితో నొక్కినట్టు చిన్న సొట్ట. కోటలో పెద్దల చావడి అని పొడవాటి మండపం ఉండేది. దాని గోడమీద ఆ వంశపు రాజులందరి చిత్తరువులూ వరసగా రాసి ఉండేవి. ఒకరికి బుర్రమీసాలు, ఒకరికి బొద్దు చెంపలు, ఒకరికి గడ్డం. ముక్కు మాత్రం అందరికీ అదే. కొసన సొట్టతో సహా.

చూసినవాళ్ళు ఆహా అనేవాళ్ళు. ఆహా అంటూనే ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా జాగ్రత్తపడేవాళ్ళు. ఎందుకంటే కీర్తిధర భూపతి ఆ వంశంలో పుట్టినవాడు కాడు. గోవర్ధన భూపతి అనే పాత రాజుకు సంతానం లేక, దూరపు సీమ నుంచి పాలు మానిన రాచబిడ్డను తెచ్చి దత్తత చేసుకున్నాడు. ఆ బిడ్డే ఈ రాజు. ఊరందరికీ తెలుసు, రాజుకూ తెలుసు. కానీ ఆ మాట పలికి చాలాకాలమైంది. పలకని ఆ మాటమీద మట్టి పేరుకుపోయింది.

మరి గోడమీది ముక్కులు? ఏటా పట్టాభిషేకపు పండగకు ముందు ఆ చిత్తరువులకు కొత్త రంగులు దిద్దడం ఆనవాయితీ. ఆస్థాన చిత్రకారుడు ముద్దయ్య ఒక ఏడు పాత రాజు ముక్కును కొద్దిగా సాగదీశాడు. రాజు మురిసిపోయి శాలువా కప్పాడు. మరుసటి ఏడు తాతగారిదీ సాగింది. అలా శాలువాలు పెరిగాయి, ముక్కులూ పెరిగాయి. తండ్రి ముక్కు కొడుక్కి రావడం లోకంలో ఉన్నదే. కొడుకు ముక్కు తాతముత్తాతలకు వెళ్ళడం మొగలిదుర్గంలోనే జరిగింది.

అంతటితో ఆగినా బాగుండేది. రాజు ఒక శాసనం కూడా చేశాడు. "వారసత్వపు తగాదాతో వచ్చేవాళ్ళు, పోయినవారి చిత్తరువు తెచ్చి పెద్దల చావడిలో నిలబెట్టాలి. ఆ చిత్తరువు మా ముద్దయ్య చేతిదై ఉండాలి. ఎవరి ముఖం దానితో కలిస్తే ఆస్తి వాళ్ళది. రక్తం అబద్ధమాడదు."

ఆ శాసనం తిరిగి తిరిగి చివరికి నాంచారు నెత్తిన పడింది.

నాంచారు రంగనాయకస్వామి కోవెలకు మాలలు కట్టే పిల్ల. పసితనంలోనే తల్లీ తండ్రీ పోతే, కోవెల పూలతోట చూసే తిరువేంగళయ్య ఎత్తుకొచ్చి పెంచాడు. ఆయనకూ పిల్లలు లేరు. ఆడపిల్లను దత్తత తీసుకునే ఆచారం లేదు గనక మంత్రాలూ హోమమూ ఏమీ జరగలేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని దారం పట్టుకోవడం నేర్పాడు, అంతే. కోసిన మొదటి పువ్వును మొక్క మొదట్లోనే పెట్టి, ఆ మొక్కతో "ఇది నీది తల్లీ, మిగిలినవి స్వామివి" అనడం ఆయన అలవాటు. నాంచారుకూ అదే వచ్చింది.

తిరువేంగళయ్య స్వామి పాదాల దగ్గరికి వెళ్ళిపోయాక, ఆయన తమ్ముడి కొడుకు వరదయ్య బండి కట్టుకుని దిగాడు. ఆ తోట, మాల కట్టే హక్కు, దానికున్న మాన్యం అన్నీ కలిపి మిరాశీ అంటారు, తరతరాలకూ చెందే హక్కన్నమాట. అది తనదన్నాడు. దిగినవాడు ఇంట్లోకి కూడా రాలేదు. తిన్నగా తోటలోకి పోయి మల్లెపొదలను కాలితో కదిపి చూశాడు.

"మంచి నేల. ఇవన్నీ పీకేస్తే చెరుకు బ్రహ్మాండంగా వస్తుంది" అన్నాడు.

"మరి స్వామికి మాల, అన్నయ్యా?" అంది నాంచారు.

"అన్నయ్యేమిటి? నువ్వెవరు, నేనెవరు? మాలకేం, సంతలో పూలు దొరకవా? కూలికి ఎవత్తో కట్టిపెడుతుంది."

వరదయ్య ముఖంలోకి చూస్తే నాంచారుకు దుఃఖం ముంచుకొచ్చింది. ఆ ముఖాన తిరువేంగళయ్య ముక్కు ఉంది. బూరెలాంటి గుండ్రటి ముక్కు, పక్కన పుట్టుమచ్చతో సహా. అయ్య ముక్కే, అయ్య కాదు.

ఆ తోట చివర తమలపాకు తీగలు కూడా ఉండేవి. రోజూ పొద్దున్నే ఆకు కోసుకుపోవడానికి అడపం బాచన వచ్చేవాడు. అడపమంటే రాజుగారి తాంబూలపు పెట్టె. అది మోసి, చిలకలు చుట్టి అందించడం ఆయన ఉద్యోగం. పాత రాజు దగ్గరా అదే పని, ఈ రాజు దగ్గరా అదే. పేరుకు ఆకులు చుట్టేవాడే కానీ, చిక్కుముళ్ళు విప్పాల్సి వస్తే కొలువంతా ఆయన వంకే చూసేది.

"ఏమిటి తల్లీ, తీగలకు నీళ్ళు పెట్టావా, కన్నీళ్ళు పెట్టావా?" అన్నాడు బాచన.

నాంచారు అంతా చెప్పింది, వరదయ్య వేసిన తగాదా మర్నాడే చావడిలో విచారణకు వస్తుందని కూడా. "ముఖం చూసి తీర్పు చెబితే నాకేముంది బాబాయిగారూ? నా ముఖంలో అయ్య ఎక్కడా లేడు. తోట పోతే పోనీండి, నేను ఎక్కడైనా బతుకుతాను. స్వామి మెడ బోసిగా ఉంటుందే, అదే నా బెంగ."

"చిత్తరువు రాయించావా?"

"ఇవాళే ముద్దయ్యగారు వస్తామన్నారు."

"అయితే నేనూ ఉంటాను. ఆయన అడిగినవన్నీ ఉన్నదున్నట్టు చెప్పు. ఒక్క అబద్ధం కూడా ఆడకు."

"ఉన్నదున్నట్టు చెబితే వరదయ్య గెలుస్తాడు కదా!"

"చెప్పు తల్లీ. నిజం చెప్పినవాళ్ళకు స్వామి ఏదో ఒక దారి చూపిస్తాడు. ఆయనకు తీరిక లేకపోతే నేనున్నాను."

ముద్దయ్య వచ్చాడు. అరుగుమీద పలక నిలబెట్టి, "ముఖం చెప్పమ్మా" అన్నాడు. నాంచారు కళ్ళు మూసుకుని చెప్పింది. బట్టతల. చెవులమీద వెంట్రుకలు. నవ్వితే మూసుకుపోయే కళ్ళు. ముక్కు దగ్గరికి వచ్చినా ఏమీ దాచలేదు. "గుండ్రటి ముక్కండీ. బూరెలా ఉంటుంది. ఎడమపక్క పుట్టుమచ్చ."

"బూరె ముక్కు. పుట్టుమచ్చ. అలాగే" అని ముద్దయ్య బుద్ధిగా తలూపి కుంచె ముంచాడు.

బాచన అరుగు చివర కూర్చుని ఆకులు తుడుచుకుంటూ ఆ కుంచె వంకే చూస్తున్నాడు. పెదవి చివర నవ్వు నిలవడం లేదు.

పని ముగించి ముద్దయ్య పలక ఇటు తిప్పాడు. నాంచారు నిర్ఘాంతపోయింది. తల అయ్యదే. చెవులు, కళ్ళు అయ్యవే. వాటి మధ్య కోటేరు ముక్కు దర్జాగా దిగి ఉంది. కొసన సొట్ట. సొట్ట పక్కనే బుద్ధిగా పుట్టుమచ్చ.

"ముద్దయ్యగారూ, ముక్కు..."

"బూరె ముక్కే కదమ్మా! నువ్వు చెప్పినట్టే వేశాను" అన్నాడాయన అమాయకంగా, తన పని తనే మెచ్చుకుంటూ.

నాంచారు బాచన వంక తిరిగింది. "బాబాయిగారూ, ఇది అబద్ధపు బొమ్మ. దీన్ని పెట్టుకుని నేను గెలవను."

"దీనితో నువ్వు గెలుస్తావని ఎవరన్నారు?" అన్నాడు బాచన లేస్తూ. "రేపు వరదయ్య ముందుగా లేచి, ఇది మా పెదనాన్న ముక్కు కాదంటాడు. నువ్వూ కాదనే చెప్పు. మిగతాది నాకు వదిలెయ్యి. పలకకు గుడ్డ చుట్టండి. ఎవరూ ముట్టుకోకండి!"

మర్నాడు పెద్దల చావడి కిటకిటలాడింది. గోడమీద పూర్వులందరూ ఆ ముక్కులతో కిందికి చూస్తున్నారు. వాళ్ళ కింద సింహాసనంలో రాజు. ఒక పక్క వరదయ్య, తలపాగా కొత్తది. ఇంకో పక్క నాంచారు, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని.

"తెర తియ్యండి" అన్నాడు రాజు.

గుడ్డ తొలగింది. చావడిలో గుసగుసలు లేచి టక్కున ఆగిపోయాయి. మంత్రిగారికి దగ్గు వచ్చింది. సేనాపతి పైకప్పు వంక చూడడం మొదలుపెట్టాడు.

రాజు మాత్రం ముందుకు వంగి, "ఓహో! పూలు కట్టుకునేవాడికి ఎంత రాజసమైన ముక్కు! ఎక్కడో చూసినట్టే ఉందే" అన్నాడు.

వరదయ్య గుండె బాదుకున్నాడు. "మహాప్రభో, మోసం! ఇది మా పెదనాన్న ముక్కు కాదు. ఆయన ముక్కు ఇదిగో, ఇలా ఉంటుంది!" అని తన ముక్కు పట్టుకుని చూపించాడు.

"నువ్వేమంటావమ్మా?" అన్నాడు రాజు.

"ఆయన చెప్పింది నిజమే మహారాజా. అది అయ్య ముక్కు కాదు" అంది నాంచారు. ఆ మాటతో తోట చేజారిపోయిందనే అనుకుంది. అయినా అనేసింది.

రాజుకు కోపం వచ్చింది. "ఇద్దరూ నోళ్ళు మూయండి! ముద్దయ్య కుంచె తప్పదు. ఈ గోడమీద మా పెద్దలను దిద్దినది ఆ చెయ్యే. ఆ పలకమీద తప్పిందంటే ఈ గోడమీదా తప్పినట్టే!"

అడపం చంకన పెట్టుకుని సింహాసనం పక్కనే నిలబడ్డ బాచన చేతులు జోడించాడు. "ఎంత మాట సెలవిచ్చారు ప్రభూ! వెనకవాళ్ళకు వినబడలేదు. ఇంకొక్కసారి."

రాజు ఇంకా గట్టిగా అన్నాడు. వెనకవాళ్ళకేం, వీధిలో పోయేవాళ్ళకు కూడా వినబడింది.

"అయితే ఏలినవారి శాసనం ప్రకారం, ఈ ముక్కు ఎవరిదో వాళ్ళే వారసులు. వెతకడానికి నాకు సెలవా?"

"వెతుకు."

బాచన పలక ఎత్తుకుని ముందు వరదయ్య దగ్గరికి వెళ్ళాడు. పలక చూశాడు, ముఖం చూశాడు. "బూరె. కుదరదు." నాంచారు దగ్గరికి వచ్చాడు. "సంపెంగ మొగ్గ. కుదరదు." మంత్రిగారి ముందు ఆగితే ఆయన ఉత్తరీయంతో ముక్కు కప్పుకున్నాడు. సేనాపతి, "నాది పుట్టుకతోనే వంకర, నాకేం సంబంధం లేదు" అని ముందే చెప్పేసుకున్నాడు. చావడి అంతా తిరిగి బాచన సింహాసనం దగ్గరికే వచ్చి, పలకను దాని వెనక గోడకు ఆనించి నిట్టూర్చాడు.

"దొరకలేదు ప్రభూ. ఏలినవారు అలిసిపోయినట్టున్నారు. తాంబూలం వేసుకోండి."

పళ్ళెంలో చిలక అందించాడు. రాజు అలవాటు చొప్పున ఆకు కొస గిల్లి, కళ్ళకద్దుకుని, పళ్ళెం అంచున విడిగా పెట్టి, మిగిలింది నోట్లో వేసుకున్నాడు. ఆ వేళకు బాచన అడపం మూత తెరిచి ఆయన ముందు పట్టుకున్నాడు. మూత లోపలి వైపు మెరుగు పెట్టిన వెండి. అద్దంలా ఉంటుంది. అందులో రాజు ముఖం కనబడింది. దాని పక్కన, వెనకనున్న పలక కనబడింది. రెండు కోటేరు ముక్కులు. రెండు సొట్టలు.

నములుతున్న దవడ ఆగిపోయింది.

"దొరికారు ప్రభూ!" అన్నాడు బాచన చాలా వినయంగా. "తిరువేంగళయ్యగారి వారసులు తమరే."

"బాచనా!" రాజు లేచి నిలబడ్డాడు. "నేను పూలవాడి రక్తమంటావా? నీ నాలుక కోయిస్తాను!"

"కోయించండి ప్రభూ. కానీ తెల్లవారుజామున మాత్రం వద్దు. ఆ వేళకు తమరు తోటలో పూలు కోస్తూ ఉండాలి. స్వామికి మాల ఆలస్యం కాకూడదు. నేను అన్నదేమీ లేదు. రక్తం అబద్ధమాడదన్నది శాసనం. కుంచె తప్పదన్నది ఏలినవారు."

రాజు అటు తిరిగాడు. "ముద్దయ్యా! ఏమిటిది?"

ముద్దయ్య సాష్టాంగపడ్డాడు. "తమ పాదాల తోడు ప్రభూ, బూరె ముక్కే వేస్తున్నాననుకున్నాను. చెయ్యి అక్కడికి రాగానే దానంతటది సాగిపోతుంది. ఇన్నేళ్ళూ ఇదే ముక్కు వేసి వేసి, నాకిప్పుడు ఇంకోటి రాదు. నిరుడు మా ఆవిడ బొమ్మ వేస్తే దానికీ ఇదే వచ్చింది. అప్పట్నుంచీ పుట్టింట్లోనే ఉంది."

ఎవరో ఆపుకోలేక పక్కుమన్నారు. నాంచారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ రాజు ముఖం చూసి ఆమెకు నవ్వు ఆగిపోయింది.

రాజు గోడ వంక చూస్తున్నాడు. ఒక్కొక్క చిత్తరువే దాటుకుంటూ ఆయన చూపు చివరిదాని దగ్గర, గోవర్ధన భూపతి దగ్గర ఆగింది. పలకమీద తప్పితే గోడమీదా తప్పినట్టే. ఆ మాట ఆయన నోటితోనే వచ్చింది. ఇప్పుడు అది ఆయన దగ్గరికే తిరిగి వచ్చి నిలబడింది.

రాజు నెమ్మదిగా అడిగాడు. "బాచనా, మా నాయనగారి ముక్కు ఎలా ఉండేది?"

ఇన్నేళ్ళలో ఎవరూ తొక్కని చోటు అది. బాచన గొంతులో చమత్కారం ఏమీ లేదు.

"చప్పిడి ముక్కు ప్రభూ. నవ్వితే ఇంకా చదునయ్యేది."

"ఔను." రాజు కళ్ళు చెమర్చాయి. "నన్ను తెచ్చిన కొత్తలో ఏడుస్తుంటే ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నా వేళ్ళు తన ముక్కుమీద పెట్టుకునేవారు. నొక్కరా, నొక్కితే కూస్తుంది అనేవారు. నేను నొక్కితే కోకిలలా కూసేవారు." గోడ వంక చెయ్యి చూపించాడు. "ఆ ముక్కు చెరిపేసింది నేనే కదూ? ఆయనకు నేనేమీ కానని ఎవరైనా అంటారేమోనని."

"ఎవరంటారు ప్రభూ? చూసేవాళ్ళకు కళ్ళుంటే అనరు. ఇందాక ఆకు కొస గిల్లి పళ్ళెం అంచున పెట్టారు. ఎందుకు?"

రాజు పళ్ళెం వంక చూసుకున్నాడు. తనకే తెలియనట్టు. "అలవాటు. తీగ పెట్టినవాడి వంతు అది. నాయనగారు అలాగే..."

"ఇద్దరు రాజులకు ఆకులు చుట్టాను. ఎందరో రాజులు చుట్టాలుగా వచ్చి ఈ చేతి తాంబూలం వేసుకున్నారు. తోటవాడి వంతు తీసిపెట్టినవారిని నేను ఇద్దరినే చూశాను. ఒకరు ఆ గోడమీద ఉన్నారు. ఒకరు ఈ సింహాసనంలో ఉన్నారు. ముక్కు ఆయన తమరికి ఇవ్వలేదు ప్రభూ, ఆయన దగ్గర లేదు. ఉన్నదంతా ఇచ్చారు."

పళ్ళెం అంచునున్న ఆ చిన్న ఆకు ముక్కను చూస్తుంటే నాంచారుకు మొక్క మొదట్లో పెట్టే మొదటి పువ్వు గుర్తొచ్చింది. లోపలే స్వామికి దణ్ణం పెట్టుకుంది.

అప్పుడు రాజు నవ్వాడు. ముందు సన్నగా, తరవాత పెద్దగా, చివరికి సింహాసనం చెయ్యి పట్టుకుని వంగి నవ్వాడు. "ఓరి బాచనా! నా మూతలో నన్నే పట్టి చూపించావు కదరా! నిజంగా నన్ను తెల్లవారుజామున పూలకు పంపేవాడివేనా?"

"బుట్ట కూడా సిద్ధం చేసి ఉంచాను ప్రభూ."

కొలువంతా ఘొల్లుమంది. రాజు కళ్ళు తుడుచుకుని తీర్పు చెప్పాడు.

"ముఖాల శాసనం నేటితో సరి. వరదయ్యా, మీ పెదనాన్న ముక్కు నీకు ముందే అందింది. ఆయన ఇల్లూ గొడ్డూ కూడా నీవే, తీసుకో. తోట మాత్రం ఆయనది కాదు, నాదీ కాదు, స్వామిది. మీ పెదనాన్న చేతి పని ఎవరి చేతిలోకి వచ్చిందో తోట వాళ్ళ దగ్గర ఉంటుంది. అమ్మా నాంచారూ, మిరాశీ నీది. తోటలోనే నీకు ఇల్లు కట్టిస్తాను. నీ తరవాత ఎవరికన్నది కూడా నీ ఇష్టమే, నువ్వు నేర్పినవాళ్ళకి."

వరదయ్య మూతి ముడుచుకున్నాడు కానీ, ఇల్లు దక్కింది గనక తలపాగా సర్దుకుని దణ్ణం పెట్టాడు. నాంచారు నేలమీద తల ఆనించింది.

"ఇక నీ సంగతి, బాచనా. అడపం ఉద్యోగం నీ వంశానికి మిరాశీగా ఇస్తున్నాను. నీ కొడుకు, వాడి కొడుకు..."

"వద్దు ప్రభూ, వద్దు!" బాచన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "ఇంతసేపూ నేను పడ్డ పాటంతా ఏమైపోవాలి? మావాడికి సున్నం ఎంత రాయాలో ఈ జన్మకు తెలియదు. వాడు చుట్టిన చిలక వేసుకుంటే తమ నోరు పూసి, వారంపాటు తీర్పులు చెప్పలేరు."

రాజు మళ్ళీ నవ్వు అందుకున్నాడు. "అయితే ఈ వెండి అడపమే నీకు బహుమానం. నాకు ఇంకోటి చేయించుకుంటాను. దాని మూతకు కూడా మెరుగు పెట్టించు. అప్పుడప్పుడు చూసుకోవాలి."

పండగ వచ్చేలోపు ముద్దయ్య వీధి వీధీ తిరిగి, అరుగులమీద కూర్చున్న ముసలివాళ్ళ ముఖాలు చూసి ముక్కులు వెయ్యడం మళ్ళీ నేర్చుకున్నాడు. ముందుగా భార్య బొమ్మ వేసి పుట్టింటికి పంపాడు. ఆమె మర్నాడే తిరిగొచ్చింది. ఆ తరవాత, రాజు పక్కన కూర్చుని చెబుతుంటే, గోవర్ధన భూపతికి చప్పిడి ముక్కు దిద్దాడు.

ఆ పండగనాడు నాంచారు స్వామికి కట్టిన మాలతోపాటు ఇంకొకటి కట్టి చావడిలో ఆ చిత్తరువుకు పంపింది.

అప్పట్నుంచీ కీర్తిధర భూపతి కొలువుకు వెళ్ళేటప్పుడు ఆ చిత్తరువు ముందు ఆగి, ఎవరూ చూడడం లేదనుకుని, ఆ ముక్కును వేలితో ఒకసారి నొక్కేవాడు. నొక్కి నొక్కి అక్కడ రంగు లేచిపోయేది. ఏటా ముద్దయ్య వచ్చి మళ్ళీ దిద్దేవాడు. చప్పిడిగానే.